గోడ మీద పిల్లి

ఇరవై రెండేళ్లు బూట్ల ఫ్యాక్టరీలో
సైరన్ కూస్తే కుట్టాను, సైరన్ కూస్తే తిన్నాను.
అది మూతపడ్డాక
సెయింట్ లూయిస్‌లో ఓ ఆసుపత్రి వెనక నేలమాళిగలో
ఈ పెట్టెలు బిగించే పని దొరికింది.

ఒకటి కూడుతుంది. అంతే, కూడటమే దాని బతుకు.
ఒకటి గుర్తుపెట్టుకుంటుంది.
ఇంకోటి దారి చీలిన చోట నిలబడి
ఎటు పోవాలో చెబుతుంది.
లోపలి సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదట,
తీగ గుచ్చడం వస్తే చాలట.
గుండె డాక్టరు పొద్దున కూర్చుంటే
చీకటి పడేలోగా తన కంప్యూటరు తానే కట్టుకోవాలంటాడు
ట్రౌట్‌వైన్, మా ఇంజనీరు.

వీటికి గడియారం లేదు.
మరి తరిమేదెవరు అన్నాను.
ఎవరూ తరమరు. పని ముగించిన పెట్టె
"అయింది" అని పక్కదాని భుజం తడుతుంది.
తీగ పొడుగైతే కాస్త ఆలస్యం.
జీతం కోయరు.

నవంబరులో ఒక రాత్రి
రెండు తీగలు ఒకే పెట్టె తలుపు
ఒకేసారి తట్టాయి.
ఎవరు ముందు?
పెట్టె మీనమేషాలు లెక్కపెట్టింది.
ఆసిలోస్కోప్ తెర మీద పచ్చ గీత
పైకి పోదు, కిందికి రాదు,
గోడ మీద పిల్లి.

"ఎంతసేపలా?"
"లెక్క లేదు లియోనా. చాలాసార్లు రెప్పపాటు కూడా పట్టదు.
ఒక్కోసారి..."
ఆ ఒక్కోసారి దగ్గరే ఆగిపోయాడు.

మూడు వారాలు ట్రాన్సిస్టర్లు మార్చాడు.
పిల్లి తొందరగా దిగడం నేర్చింది గాని
గోడ ఎక్కడం మానలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనూ ఒజెల్లా
నువ్వు పో అంటే నువ్వు పో అనుకునేవాళ్లం.
వెనక సైరన్.
ఒకరోజు ఇద్దరం ఒక్కసారే దూరాం.
ఆమె మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

"ఇక్కడ సైరన్ లేదుగా," అన్నాను,
సోల్డరు కరిగిస్తూ, తలెత్తకుండానే.
ట్రౌట్‌వైన్ కాఫీ చల్లారిపోయింది.

తెల్లారి ఒక చిన్న పలక గీసి తెచ్చాడు:
పిల్లి ఏదో ఒక వైపు దిగేదాకా
"అయింది" అన్న మాట బయటికి రాదు.
మిగతా పెట్టెలు కాచుకుంటాయి.
ఎంతసేపైనా.

ఇవాళ అలాంటివి పదకొండు బిగించాను.
ఒజెల్లాకు చెబుదామని ఫోన్ తిప్పాను.
ఆమె హలో, నా హలో
తీగ మధ్యలో గుద్దుకున్నాయి.
ఇద్దరం ఆగాం.