దూదిపుల్ల

కాశీనగర్ అంగన్‌వాడీలో
పొద్దున్న తొమ్మిదింటికే నా ఐసుపెట్టె చెమటలు కక్కుతోంది.
ఇవాళ ఇరవై ఆరు నోళ్ళు.
జబ్బు లేని నోళ్ళే కావాలన్నారు బరంపురంలో.
దగ్గు లేదు, జ్వరం లేదు, పుండు లేదు.
ఏమీ లేదని రాసుకోవడానికి ఇంత దూరమా అని
రైల్లో పక్క సీటాయన నవ్వాడు.

మొదటి నోరు గేదెల పున్నమ్మ మనవరాలిది.
నాలుగు నెలలు. చిగుళ్ళు
పుచ్చకాయలో తెలుపు ఆగి ఎరుపు మొదలయ్యే చోటి రంగు.
"ఓలమ్మో, పసిగుంట నోట్లో పురుగులేటి తల్లీ!
ఉగ్గుగిన్ని కూడా మరగబెట్టే ఇస్తన్నాం గదేటి!"
ముసలమ్మ నా మణికట్టు పట్టేసుకుంది.
పురుగులు కావమ్మా.
"మరేటి?"

దానికి నా దగ్గర తెలుగు లేదు.
సూక్ష్మజీవులన్నాను. మొహం ఇంకా నల్లబడింది.
ఆఖరికి, కాపరాలమ్మా, అన్నాను.
అద్దె కట్టరు, అల్లరి చెయ్యరు.
పాలల్లో తీపి కాస్త నాకి
దొంగ కాలు పెట్టడానికి లేకుండా
గడప నిండా కూచుంటారు.
"అలగ సెప్పు మరి" అని చెయ్యి వదిలేసింది.

బుగ్గ లోపల మూడు తిప్పులు,
నాలిక మీద ఒకటి.
పిల్ల దూదిని చనుమొన అనుకుంటుంది.
లాగుతుంది.
ఆ లాగుడు పుల్ల పొడుగునా పాకి
నా బొటనవేలి దాకా వస్తుంది.
దానికి కాగితంలో గడి లేదు.

ఉన్న గడులు:
కాన్పు, మామూలా కోతా.
పాలు, తల్లివా డబ్బావా.
మాతృభాష.

ఇక్కడ ప్రతిసారీ పెన్ను ఆగిపోతుంది.
సొంబారి గమాంగ్ కొడుక్కి పదకొండో నెల.
తల్లి సవరలో జోకొడుతుంది.
తండ్రి పర్లాకిమిడిలో ఒడియాలో ఆటో తోలుతాడు.
పక్కింట్లోంచి పున్నమ్మే వచ్చి
అన్నం మెత్తగా నమిలి, వేలితో తీసి, వాడికి పెడుతుంది.
అలా పెట్టకూడదని గోడ మీద బొమ్మ ఉంది.
బొమ్మ కిందే కూచుని పెడుతుంది.

మినతి దీదీ నా చేతిలో పెన్ను లాక్కుని
సవర అని రాసింది, కొట్టేసింది,
ఒడియా అని రాసింది,
ఆ పక్కనే చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది.
వాడు ఈలోగా పెన్ను మూత దొరకబుచ్చుకుని
బుగ్గన దాచాడు.

కింద రెండు పళ్ళు, కొత్తవి.
మెత్తటి చోట నిలవలేనివి
అంతవరకూ ఏ వేలి కొసన, ఏ పెదవి మీద
కాచుక్కూచున్నాయో గాని
గట్టిది మొలిచిందని తెలియగానే వచ్చి పట్టుకుంటాయి.
వంశధారలో వరద తీసేశాక
తేలిన బండ మీదికి
పాచిని ఎవరు పిలుస్తారు?

మధ్యాహ్నానికి ఇరవై ఐదయ్యాయి.
ఒకడు నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు.
వాడి గొట్టం ఖాళీగానే తెచ్చుకుంటున్నాను,
మూత బిగించి, పేరు రాసి.

గుణుపురం రైలు.
బరంపురం చేరేలోగా రాష్ట్రం ఒకసారి మారి
మళ్ళీ మారుతుంది.
ఐసు నీళ్ళయి గొట్టాలు ఒకదానికొకటి తగిలి
గలగలమంటున్నాయి.
పాతపట్నంలో ఎక్కిన రైల్వే పోలీసు
పెట్టె మీద లాఠీ ఆనించి అడిగాడు:
"ఏటున్నాయిందులో?"
పిల్లల ఉమ్ము సార్.
లాఠీ తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఒళ్ళో కాగితాలు పరుచుకుని
ఖాళీలు నింపుతున్నాను.
ఆలోచన తెగనప్పుడు మూత నమలడం
నాకు చిన్నప్పటి అలవాటు, అమ్మ కొట్టినా పోలేదు.
సొంబారి కొడుకు కాగితం దగ్గర
ప్రశ్న గుర్తు చూస్తూ, నములుతూ, నములుతూ
హఠాత్తుగా ఆగాను.

మూత మీద
రెండు చిన్న గాట్లు. నావి కావు.

అప్పటికే మూడు స్టేషన్లు దాటిపోయాం.