తలుపు మీది సొట్ట

తాలిన్‌లో పద్నాలుగో అంతస్తు.
బీమా కంపెనీలో నా పని
ఇంకా జరగని నష్టాలకు వెల కట్టడం.
పదిహేడేళ్ళు కట్టాను.
ఎవరి పైకప్పు ఎప్పుడు కూలుతుందో,
ఎవరి గుండె ఏ వయసుకి మొరాయిస్తుందో,
దశాంశ బిందువు తర్వాత రెండంకెల దాకా.
చివరిరోజు మెడలో కార్డు తీసిచ్చేస్తే
గేటు దగ్గరి కుర్రాడు రసీదు రాసిచ్చాడు.
ఇప్పటికీ పర్సులో ఉంది.
ఎందుకని అడక్కండి.

పుట్టిన ఇల్లు వోరు దాటాక, పైన్ అడవి అంచున.
పుట్టిన ఇల్లంటే మాటవరసకి కాదు.
మంచుకి దారులన్నీ మూసుకుపోయిన రాత్రి
పెరట్లోని పొగ సౌనాలోనే పుట్టాను నేను.
పొగగొట్టం లేని గది.
ఆల్డర్ కట్టెలు ఆరు గంటలు మండి
పొగంతా తలుపులోంచి నెమ్మదిగా వెళ్ళిపోయాక
మనుషులు లోపలికి వెళ్తారు.
గోడ తగిలితే భుజం నల్లబడుతుంది.
మా నాయనమ్మకి చివరి స్నానం కూడా అక్కడే.

ఇదంతా కరపత్రంలో రాశాను, చివరిది తప్ప.
మూడు రాత్రుల విశ్రాంతి, రై రొట్టె, బర్చ్ ఆకుల టీ,
ఫోన్లు చెక్కపెట్టెలో పెట్టి తాళం.
ఈ ఇంటి గోడలకి మౌనం తెలుసు, అని ఒక వాక్యం.
అబద్ధం కాదు.
నాన్న బూట్లు గడప మీద మంచు దులుపుకునే చప్పుడు వినగానే
అక్కా నేనూ చెంచాని కూడా
సడి లేకుండా కంచంలో పెట్టడం
నేర్చుకున్నది ఇక్కడే.

ఆయన గది ఇప్పుడు ధ్యానం గది.
సున్నం కొట్టించాను, గొర్రెతోళ్ళు పరిచాను,
కిటికీ పెద్దది చేయించాను.
తలుపు మాత్రం మార్చలేదు.
దాని మధ్యలో, నడుమెత్తున, ఒక సొట్ట.
సౌనా రాయి ఒకటి
అమ్మని తప్పి తగిలిన చోటు.
వడ్రంగి లప్పం పట్టుకొచ్చి నిలబడ్డాడు.
వద్దన్నాను.

మొన్న రీగా నుంచి వచ్చిన డాగ్నియా,
బ్యాంకు మనిషి, రెండేళ్ళుగా సరైన నిద్ర లేదట,
ఆ గదిలో పదిగంటలు నిద్రపోయి లేచింది.
"ఎంత ప్రశాంతంగా ఉందో ఇక్కడ" అంది,
మాట్లాడుతూనే బొటనవేలు ఆ సొట్టలో పెట్టి
గుండ్రంగా తిప్పుతూ.
పాత తలుపు, అన్నాను.
జావలో ఇంకాస్త వెన్న వేశాను.

నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది.
ఆ నిద్ర నాది, నాకు రావలసిన బాకీ.
ఆమె వెళ్ళిన రాత్రి
నేనూ అక్కడ పడుకుని చూశాను.
రెండున్నరకి లేచి
వంటింట్లోకి వచ్చేశాను.

కట్టెలు కొట్టేది పక్కింటి హెల్డుర్, ఎనభై దాటాయి.
గంటకింత అని రాసుకుందామంటే
గొడ్డలి మొద్దులో దించి నా వైపు చూశాడు.
"మీ అమ్మ దగ్గర ఎప్పుడైనా తీసుకున్నానా?"
నాకర్థం కాలేదు.
అప్పుడు చెప్పాడు, చెప్పీ చెప్పనట్టు, కట్టెలు పేరుస్తూ:
మా కిటికీల్లో దీపం అటూ ఇటూ పరిగెత్తిన రాత్రుల్లో
సౌనా గుమ్మం ముందు ఒక మోపు పెట్టి వెళ్ళిపోయేవాడట.
దుప్పట్లు చుట్టుకుని
మేమక్కడికే వస్తామని తెలుసట.

ఆ వెచ్చదనం గుర్తుంది.
అమ్మ ఒడిలో మసి వాసన,
నా పొట్టకి ఆనించిన అక్క చల్లటి పాదాలు.
శనివారం వేసిన మంట
బుధవారం దాకా ఉంటుందని
ఎన్నేళ్ళు నమ్మానో.

రాత్రి లెక్కల పుస్తకం తెరిచాను.
తేనె, కరెంటు, కొవ్వొత్తులు,
లప్పం డబ్బా ఒకటి, మూత తీయనిది.
కట్టెలు, అని రాసి
ఎదురుగా ఉన్న గడిలో కలం ఆగింది.

శనివారం ఎనిమిదిమంది వస్తున్నారు.
తువ్వాళ్ళు ఏడే ఉన్నాయి.