ఎవలింటికి?

నాలుగింటికి రమ్మన్నాను ఓదేలును.
ఇల్లు పొద్దున చూడకూడదు,
పిల్లలు వీధిలో ఉండే వేళ చూడాలి.
"మూడున్నయ్ మేడం, మూడు గుడ ఫ్యామిలీ ఏరియాలే"
అన్నాడతను.
ఆ మాట అతని నోట్లో
పత్తి బేరంలో తేమ శాతంలా పలుకుతుంది.

మా ఆయన దగ్గర ఒక కాగితముంది:
బోరు నీళ్ళలో ఉప్పెంత, స్కూలు బస్సు ఎక్కడిదాకా వస్తుంది,
ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు,
రేపు అమ్మితే గజానికి ఎంత.
నా దగ్గర కాగితం లేదు.
నేను గుమ్మాల ముందు చెప్పులు లెక్కపెడతాను.
చిన్నవెన్ని, పెద్దవెన్ని,
ఆ ఇంటివి కానివెన్ని.

మొదటిది భీమారం దాటాక, మయూర ఎన్‌క్లేవ్.
గేటు దగ్గర యూనిఫాం కుర్రాడు
కారు కిటికీలోకి ట్యాబ్ చాపి
"ఎవరింటికి?" అన్నాడు.
ఇంకా ఎవరింటికీ కాదు, అన్నాను.
ఆ జవాబుకు అందులో గడి లేదు.
చివరికి మమ్మల్ని డెలివరీ కింద రాసుకుని లోపలికి వదిలాడు.

తప్పు పట్టడానికేమీ లేదు, నిజం చెప్పాలి.
కొత్త నోటుబుక్కు గీతల్లాంటి రోడ్లు,
ఆకు రాలితే ఎత్తడానికి ఒక మనిషి.
పార్కులో జారుడుబల్ల ఎర్రగా మెరుస్తోంది.
వేలితో రాసి చూశాను, ఒక్క గీతా లేదు.
ఏ పిల్లా లాగు చిరిగేలా జారలేదు దాని మీద.
"పిల్లలేరి?"
"చానమంది ఉన్నరు మేడం,
అబాకస్‌కు పోయిన్రు."
మా ఆయన టిక్కుల మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని.
అక్కడా ఇళ్ళన్నీ ఒకే రంగు.
కానీ కరెంటు పోయిన రాత్రి
పోపు వాసనను బట్టి ఎవరి గుమ్మమో చెప్పేదాన్ని.
నేను ఎవరింట్లో నిద్రపోయానో
నాన్న డ్యూటీ దిగి వచ్చి
మూడు తలుపులు తడితే తెలిసేది.

రెండోదాని గురించి చెప్పేదేం లేదు.
స్విమ్మింగ్ పూల్ ఉంది, నీళ్ళు లేవు.

మూడోదానికి ఓదేలు ఇష్టంగా తీసుకుపోలేదు.
హన్మకొండలో పాత కాలనీ, నాలాకు రెండు సందుల అవతల,
డాక్టర్లవీ లెక్చరర్లవీ మేడలు, గేటు మాత్రం లేదు.
కారు ఆగిందో లేదో
మా సంహిత చెప్పులు విడిచి ఉరికింది,
ఎవరో ఇటుకలు పేర్చి వికెట్లు చేసిన చోటికి.
కంకర మీద బోర్లా పడింది.
నేను చేరేలోపే
మిర్చి తొడిమెలు తీస్తున్న ఒకామె లేచొచ్చి
రెక్క పట్టి లేపి, మోకాలు తుడిచి,
"ఎవల పిల్లవే నువ్వు? కండ్లు నెత్తికెక్కినయా?"
అని నా ముందే నా బిడ్డను తిట్టింది.
ఆమె చేతి కారానికి దెబ్బ రెండింతలు మండింది.
ఆపైన నా వైపు తిరిగి,
"ఎవలింటికచ్చిన్రు?"

అదే ప్రశ్న.
ఈసారి జవాబు చెప్పాలనిపించింది,
చెప్పడానికి ఇంకా ఏమీ లేదు.

అప్పుడు మా ఆయన నా భుజం తట్టి గోడ చూపించాడు.
నడుము ఎత్తున, సందు పొడుగునా,
మట్టిరంగు గీత.
"వరదప్పటిది" అందామె, పేరు అనసూర్యమ్మ.
"ఫ్రిజ్జు తేలింది, సోఫా తేలింది, బండి ఏ సందుల దొరికిందో.
మేం మిద్దెక్కినం. కిందింటోల్లను గుడ ఎక్కించుకున్నం.
పదకొండు మందిమి, రెండు రాత్రులు, ఒక్క బియ్యం డబ్బ."
చెబుతూ నవ్వింది.
మా ఆయన నవ్వలేదు.
ఆయన తప్పూ కాదు. నాకు ఈత రాదు, పిల్లకూ రాదు.

తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు.
సంహిత మాత్రం వెనక సీట్లో మోకాలికి ఊదుకుంటూ
"మనం అక్కడికి పోతే ఆ అవ్వ మళ్ళీ తిడుతదా?" అంది.
భయంతో అడిగిందో, ఆశతో అడిగిందో,
అద్దంలో ముఖం సరిగా కనపడలేదు.

అడ్వాన్సు చెక్కు నా సంచిలో ఉంది.
అంకె రాశాను, సంతకం అయింది,
ఎవరి పేరన్న గీత ఒక్కటే ఖాళీ.
ఓదేలు రెండుసార్లు ఫోను చేశాడు, ఎత్తలేదు.

రాత్రి ఎప్పుడో వాన మొదలైంది.
లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను.
ఆ సందులోకి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో
ఇక్కణ్ణుంచి తెలియదు.
ఆమె నంబరు తీసుకోవాల్సింది.