నాలుగో అంశం

మీటింగులో ఎవరేమన్నా రాసుకోవడం నా ఉద్యోగం.
ఇరవై ఆరేళ్ళు.
దగ్గు రాయను, నవ్వు రాయను,
టీ చల్లారిందన్న సంగతి రాయను.
‘చర్చించి ఆమోదించడమైనది’ అని రాస్తాను.

ఆ రోజు మొదటిది గేటు ముందు తోట.
రెండోది బీచ్ రోడ్డు పరుగుపందానికి టీషర్టులు.
మూడోది కంపెనీ పేరుతో బస్టాపు,
దాని మీద అరగంట, అక్షరాల రంగు తేలక.
నాలుగోది సైన్సు చదివే పిల్లలకి స్కాలర్‌షిప్పులు.
నాలుగోదానికొచ్చేసరికి
ఎప్పుడూ అందరికీ ఆకలేస్తుంది.

గనగళ్ళ నూకరత్నాన్ని లోపలికి పిలిచారు.
కెమిస్ట్రీ రెండో ఏడు, చెంగలరావుపేట.
తల్లి ఫిషింగ్ హార్బరులో రొయ్యలు ఒలుస్తుంది.
చేతిలో స్వీటు డబ్బా.
వద్దమ్మా ఇలాంటివి, అన్నారెవరో.
మూత తీస్తే పన్నెండు గాజు పలకలు.
వేజిలీను పూసి, మేడ మీద
నెలకొకటి పెట్టిందట.
జనవరి, నల్లని కాటుక.
ఆగస్టు, వాన కడిగిన తెరిపి.
మార్చి మీద పిల్లి అడుగు.
“అది లెక్కలోంచి తీసేశానండి.”

నవ్వారు. నేను రాయలేదు.

“కాలేజీలో మైక్రోస్కోపు ఒక్కటేనండి.
నా వంతు గురువారం, పావుగంట.
ఒక్క గడిలో నాలుగువందల పన్నెండు దాకా
లెక్కెట్టానండి, బెల్లు కొట్టేశారు.
నాలుగువందల పదమూడోది ఏటో
నాకింకా తెలీదు.”

బొగ్గా, ఇనుమా, ఉప్పా,
వీధి చివర ఇల్లు కూల్చిన సున్నమా,
ఊరి ఊపిరితిత్తుల్లో తిరుగుతున్నది
పావుగంట చాలక పేరులేకుండా ఉండిపోయింది.

ఫైనాన్సాయన అడిగారు,
మేం కడితే, చదివాక మా దగ్గర చేరతావా?
“తెలీదండి.”
మరి మాకేంటమ్మా లాభం?

ఆ పిల్ల కిటికీ దగ్గరికెళ్ళింది.
బయట క్రేన్లు, వెనక యారాడ కొండ,
లంగరేసిన ఓడ ఒకటి ఎండలో కునుకుతోంది.
ఏసీ గది, ఎప్పుడూ తెరవని కిటికీ.
లోపలి గట్టు మీద వేలితో ఒక గీత గీసి
వేలు చూపించింది.
“ఇది మీదా మాదా
ముందెవరో ఒకరు తేల్చాల కదండి.
ఆ ఒకరికి ఫీజు కట్టాల.”

అప్పుడు నేను మాట్లాడలేదు.
రాసేవాళ్ళు మాట్లాడరు.
మాట్లాడి ఉంటే ఇలా అనేవాణ్ణి:

అయ్యా, హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
చీకటి ఊళ్ళో, విరిగిన చెట్ల మీదుగా నడిచొచ్చి
మన పంపుహౌసు తిప్పిన కుర్రాడు గుర్తున్నాడా?
వాడి ఫీజెవరు కట్టారో మనకి తెలీదు.
మనం మాత్రం కాదు.
ఎవరో నాటిన బుర్రని మనం కోసుకున్నాం,
విత్తనం ఖర్చు ఏ పద్దులోనూ లేదు.
ఉప్పుగాలికి మన క్రేను ఏటా సన్నబడుతోంది.
ఆ తుప్పుని ఆపే రంగు
ఇప్పుడు కంచరపాలెంలోనో మల్కాపురంలోనో
ఒక నోటుబుక్కు చివరి పేజీలో
పెన్సిలుతో సగం రాసి ఉండొచ్చు.
సగం దగ్గర బెల్లు కొట్టేది మనమే.

ఇంకొకటి కూడా, సొంత సంగతి.
ఇంటర్లో భౌతికశాస్త్రం నాకు తొంభై ఆరు.
కురుపాం మార్కెట్ పక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌లో
ఫీజు వాయిదాల్లో తీసుకునేవారు.
భౌతికశాస్త్రానికి వాయిదాల్లేవు.
ఇవాళ్టికీ ఎవరైనా కాంతి అంటే
వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగుతాయి.
ఎవరికీ నష్టం కాలేదులెండి.
జరగని దానికి నష్టపు లెక్క ఎవరు రాస్తారు?

నిర్ణయం: వచ్చే సమావేశానికి వాయిదా.
ఆ పిల్ల పలకలు వరసగా సర్దుకుంది,
జనవరి అడుగున, డిసెంబరు పైన.
గుమ్మం దగ్గర ఆగి, నల్లటి వేలు
చున్నీకి తుడవబోయి మానేసింది.

రాత్రి మినిట్స్ టైపు చేస్తూ
నాలుగో అంశం కింద ఒక వాక్యం చేర్చాను:
‘నాలుగువందల పదమూడో రేణువు ఏమిటో
కంపెనీకి కూడా తెలియదని గమనించడమైనది.’
చైర్మన్‌గారు చదవకుండా సంతకం పెట్టారు.

వచ్చే నెల అజెండా నా దగ్గరే ఉంది.
తోట నీళ్ళ బిల్లుని నాలుగోదాన్ని చేశాను.
నూకరత్నాన్ని మొదటికి తెచ్చాను,
పదిగంటలకి,
టిఫిన్లు అయ్యి, టీ వేడిగా ఉండి
ఎవరికీ ఇంకా ఆకలెయ్యని వేళకి.