గుడ్డెలుగు వాటా

చౌరస్తా దుకాణంల కొన్న ఇప్పపువ్వు
జాడిల నానబోస్తే
అడుగుకు పిడికెడు ఇసుక దిగింది.
రెండు మేకపెంటికలు, ఒక బీడీ ముక్క,
నిరుటి వానకు బూజుపట్టిన వాసన.
సేటు నవ్విండు:
"పువ్వు పువ్వేగద సార్,
తాగేటోనికి తారీఖెందుకు?"

నేను కాజీపేట లోకోషెడ్డుల ఫిట్టర్ను.
ఇరవై ఆరేండ్ల సంది
వెంట్రుకవాసి తేడాకు ఇంజన్లు ఆపినోన్ని.
నాకు తారీఖు కావాలె.

ఆదివారం ములుగు బస్సెక్కిన,
తాడ్వాయి దాటినంక
కండక్టర్ దించిన కాడ దిగిన.
జేబుల నగదు, సంకల గోనెసంచి,
నడుమ దళారి లేడన్న గర్వం కొంత.

రేలగూడెంల వజ్జ జోగమ్మ
బండమీద పువ్వు ఎండబోసి
కోళ్లను అదిలిస్తున్నది.
ధర అడిగిన.
ధర చెప్పలే. "ఏం జేస్తవు?" అన్నది.
"ఇంట్లనే... కొద్దిగ... నా మట్టుకు..."
ఎక్సైజోళ్లు చెట్టెనుక నిలబడ్డట్టు నసిగిన.
"బెల్లం కలుపుతవా?"
"పిసరంత."
"పటిక?"
"అయ్యో, లేదు."
ఆమె నన్ను తేరిపార చూసింది.
మా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ గూడ
ఏ బోల్టునూ గట్ల చూడలే.

"ధర రేపు చెప్త,
కోడికూతకు ముందు లేస్తవా?"

సోమవారం డ్యూటీ పోతే పోయింది.
బడి అరుగుమీద పండుకున్న,
దోమలు నన్ను హోల్‌సేల్‌గ కొన్నయి.

చీకట్లనే వినబడ్డది.
టప్.
కొంచెం ఆగి, టప్.
ఇంజన్ కింద ఆయిల్ కారుతున్న సప్పుడే,
చెయ్యి పానా కోసం జేబు తడిమింది.
ఏ పానాతోటీ బిగియని లీకేజీ అది.
అడవి తనంతట తనే కారుతున్నది.

వంగిన.
పువ్వు చల్లగ, మెత్తగ,
పసిపిల్ల చెవితమ్మె లెక్క.
గట్టిగ పడితే తేనె అంటుతది,
వదులుగ పడితే జారిపోతది.
నా వేళ్లకు ఈ కొలత తెల్వదు.
పొద్దెక్కేసరికి నాకు అర గంప,
జోగమ్మకు మూడు.
నడుము ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతదో
ఆ పొద్దు మొత్తం తెలిసొచ్చింది.

"ఇగ మూడు గంపలు ఎండితే ఒక్కటి,"
అన్నది, నా మొఖం చూసుకుంట.

ఒర్రె పక్కన పెద్ద చెట్టొకటుంది.
దాని కింద తెల్లగ, పరుపేసినట్టు పువ్వు.
ఎవ్వరూ ముట్టలే.
నేను ఉరికిన.
జోగమ్మ కొంగు పట్టి ఆపినట్టు
ఒక్క మాటతోటి ఆపింది:
"అది గుడ్డెలుగుది."

మెత్తని మన్నుమీద
అరచేతంత అడుగులు,
గోళ్లు దిగినంత మేర తడి.
అది రాత్రే వచ్చిపోయింది.
తూకం లేదు, బేరం లేదు,
చెట్టుకాడికే వచ్చి తీసుకపోయిన గిరాకి.
నేను మొదటోన్ననుకున్న,
వరుసల ఎక్కడో ఉన్న.

ధర చెప్పింది.
సేటుకన్న కిలోకు ముప్పయి ఎక్కువ.
నోరు తెరిచిన గని
నడుము బేరమాడనియ్యలే.
ఆరు కిలోలు. కొసరుగ దోసెడు.
"బెల్లం వెయ్యకు. దాంట్లనే ఉంది తీపి.
నువ్వు ఆగాలె. గంతే."

జాడిమీద కాయితం అతికిచ్చిన:
జోగమ్మ, రేలగూడెం, ఉగాది ఇంక నాలుగొద్దులు.
అడుగున ఇసుక లేదు.
పువ్వు ఉబ్బుతున్నది. గుడగుడ మొదలైంది.
గూడ్సుబండ్ల షంటింగు ఆగిన నడుమ
వంటింట్లకెల్లి వినబడుతది.

బెల్లం డబ్బా కాడికి రెండుసార్లు పోయిన.
రెండుసార్లూ మూత తియ్యకుంటనే వచ్చిన.

మా స్వరూప ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని
కిటికీ రెక్కలు మూస్తున్నది.
"గీ వాసనకు
నీ దోస్తు వస్తడు సూడు
రైలు పట్టాలెంబడి," అంటున్నది,
గడియ పెట్టబోయి
ఎందుకో ఆగి
బయటికి ఒకసారి తొంగిచూసింది.