పదకొండు నెలల నోరు

మద్దిలపాలెంలో బస్సు దిగుతాను.
సంచిలో మూడు సీసాల ఇసుక, జల్లెడల పెట్టె,
ఇంకా సంతకం పడని ఒప్పంద పత్రం.
పదకొండు నెలలకోసారి పుడుతుంటాను నేను.
పన్నెండో నెల ఎవరి కడుపులో ఉంటానో
ఎవరూ చెప్పరు.

ఒడ్డు ఎక్కడ కోతపడుతోందో నాకు తెలుసు.
గోడ కట్టిన చోట కాదు, గోడకి ఉత్తరాన,
పడవలు లాగే చోట.
ఆరేళ్లుగా కొలుస్తున్నాను.
ఆ సంగతి ఇంగ్లీషులో రాశాను కూడా.
నలుగురు చదివారు, అందులో ఇద్దరు
తప్పులు పట్టడానికి.

గురువారం పెదజాలారిపేట కమ్యూనిటీ హాల్లో
కొత్త గోడ మీద బహిరంగ విచారణ.
"యూనివర్సిటీ నుంచి ఎవరైనా ప్రొఫెసరు వస్తే బాగుణ్ను" అన్నారట.
నేను ప్రొఫెసర్ని కాను.
ఆ మాట వెనక ఎంతసేపైనా దాక్కోవచ్చు.

నిజంగా ప్రొఫెసరైన వరహాలరావు గారు
కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పారు:
"పదేళ్ల కింద నేనూ టీవీకి వెళ్లానమ్మా.
ఇప్పుడే చెప్పలేం, ఇంకా కొలవాలి అన్నాను.
కింద అక్షరాల్లో 'ముప్పు లేదు: నిపుణుడు' అని పరిగెత్తింది.
ఆ ఏడాదంతా మా ఆవిడకి
ఎవరూ మంచి వంజరం అమ్మలేదు."
నవ్వారు. నవ్వు సగంలో ఎక్కడో ఆగిపోయింది.

ఆఫీసు సర్క్యులర్ చాలా మర్యాదస్తురాలు.
వద్దు అనదు. "ముందస్తు అనుమతితో" అంటుంది.
ఎవరి అనుమతో రాసిన చివరి వరస
జెరాక్సులో పడలేదు.

పక్క గది జగన్నాథపాత్రుడు
పర్మనెంటు అయ్యాక మాట్లాడతా అనేవాడు.
అయ్యాడు.
ఇప్పుడు ప్రమోషన్ రానీ అంటున్నాడు.
మౌనానికీ ఇంక్రిమెంట్లుంటాయి.

నా అసలు భయం అది కూడా కాదేమో.
రాత్రి అద్దం ముందు తెలుగులో చెప్పి చూసుకున్నాను.
అవక్షేపం అన్నాను.
తీరరేఖా తిరోగమనం అన్నాను.
అద్దం ఆవలించింది.
ఇన్నేళ్ల చదువు
మా అమ్మతో మాట్లాడే భాషలో
ఒక్క వాక్యం కాలేకపోయింది.

బుధవారం సాయంత్రం కొలతకర్ర పాతుతుంటే
ఎర్రయ్యమ్మ వచ్చి నిలబడింది, చంకన ఖాళీ తట్ట.
"ఏటమ్మా, ఆరేళ్ల నుంచీ ఆ కర్రట్టుకొత్తన్నావు,
మా ఇసక సీసాలోకెత్తుకుని ఎల్పోతన్నావు.
ఏటి తెలిసిందో ఒక్కపాలైనా సెప్పినావా?"

శాతాలు మొదలుపెట్టాను.
ఆవిడ వినలేదు. చెయ్యి చాపి
అలల్లోకి చూపించింది, నడుము లోతున.
"ఆ రాయి మీద మా మావ వల ఆరేసీవోడు.
నానీ పేటకి కోడలిగా వొచ్చినేడు."

నా మొదటి కొలత కన్నా
ముప్పై ఏళ్ల పెద్దది ఆ కొలత.
నా పట్టికలో దానికి గడి లేదు.

గురువారం.
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను,
గుమ్మం దగ్గర రిజిస్టరు.
పేరు రాశాను.
హోదా అన్న గడి దగ్గర పెన్ను
కాసేపు తడబడింది. వెనక జనం తోస్తున్నారు.
ఇసక కొలిచే మనిషి, అని రాశాను.

మైకు గరగరమంటోంది.
నా ముందు ఇంకా ఇద్దరున్నారు.
సంచిలోంచి సీసా తీసి ఒళ్లో పెట్టుకున్నాను.
చేతి చెమటకి
లేబుల్ మీద తేదీ అలుక్కుపోతోంది.