నాలుగు ఆంపియర్లు

ఆటోనగర్‌ల తుక్కుకు పోయే డీసీఎం కొన్న.
జహంగీర్ భాయ్ దాని వీపు మీద
ఓ అర్ర కట్టిండు: రెండు బల్లలు, ఒక పొయ్యి,
నెత్తి మీద సోలార్ పలక,
మూలకు సందుగ అసొంటి ఫ్రిజ్.
"ఇగ మీరు దేశమంత తిరుగొచ్చు" అన్నడు.
మేము హిమాయత్‌సాగర్ దాకా పోయినం.
అది గూడ, బ్యాటరీ ఎంతసేపు ఆగుతదో చూద్దామని.

మే నెల.
నీడకని యాపచెట్టు కిందికి జరిపితే
నెత్తి మీది పలక పస్తు పండుకున్నది.
ఎండల నిలబెడితే పలక కడుపునిండ తిన్నది,
అది తిన్నదంత
రొప్పుకుంట రొప్పుకుంట ఫ్రిజ్ తాగేసింది.
ఒక్క బండే. తలకు ఎండ గావాలె, కడుపుకు నీడ గావాలె.
పొద్దంత నేను స్టీరింగు కాడ,
అనసూయ కింద నిలబడి చేతులూపుడు:
ఇంకింత ముందుకు, ఇంకింత...
ఆగు ఆగు, ఎన్కకు!

ముప్పై రెండేండ్లు లైన్‌మన్ పని జేసిన.
పదకొండు వేల వోల్టుల కింద కూసొని
సద్ది తిన్నోణ్ని.
ఇయ్యాల పన్నెండు వోల్టుల ముంగట
చేతులు కట్టుకొని కూసున్న.

పొద్దుగూకంగ పన్నెండు పాయింట్ ఆరు.
తొమ్మిదింటికి పన్నెండు పాయింట్ మూడు.
ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడల్ల నాలుగు ఆంపియర్లు,
ఊకున్నప్పుడు సున్న.
పాత రీడింగు పుస్తకంల ఖాళీ పేజీలుండె, రాస్తున్న.
వినియోగదారుని పేరు కాడ: మేమే.

అనసూయ కాగిన పాలగిన్నె పట్టుకొని వచ్చింది.
"చల్లారలే, లోపట పెట్టకు" అన్న.
"పాలకు దెలుసా నీ లెక్కలు?" అన్నది.
అయినా కిటికి కాడ పెట్టి
ఊదుకుంట కూసున్నది, చంటిపిల్లకు పట్టిచ్చేటట్టు.
అవతల శంషాబాద్‌ల దిగే ఇమానాల లైట్లు.
ఫ్రిజ్‌ల మిగిలిన జాగంత
సీసాలల్ల నీళ్లు నింపి, ఎండున్నప్పుడే గడ్డ కట్టిచ్చినం.
కరెంటు దాసుడు కష్టం,
చలిని దాసుడు అల్కగ ఉన్నది.

రాత్రి రెండింటికి పదకొండు పాయింట్ తొమ్మిది.
ఫ్యాను ఆపాల్నా, ఫ్రిజ్ ఆపాల్నా?
నిద్రల అనసూయ మెడ మీద చెమట మెరుస్తున్నది.
లేచి ఫ్రిజ్ ప్లగ్గు పీకిన.
అది ఒక్కసారి వణికి ఊకున్నది.

ఆ వణుకు నేనెరుగుదు.

బోరబండల గుట్ట మీది ఇల్లు. మూడు నెలల బాకీ.
గోడకు నిచ్చెనేసి నేను ఫ్యూజు పీకంగనే
లోపట ఒక ఫ్రిజ్ గిట్లనే వణికి ఆగింది.
ఆమె తిట్టలే. బతిమాలలే.
తీగ మీద ఆరేసిన చున్నీ గుంజి
ఫ్రిజ్ చుట్టు రెండు చుట్లు తిప్పి ముడేసింది.
"ఎవ్వలు తెరవొద్దు" అని పిల్లలకు చెప్పి
నా దిక్కు తిరిగింది:
"గిట్ల కట్టి ఉంచితే ఎన్ని గంటలు ఆగుతది సార్ లోపట?"

తెల్వదన్న.
నిజంగనే తెల్వకుండె.
తీగల ఎంత పారుతదో చెప్పగల్గుతుంటి,
తీగ తెగినంక
ఎంతసేపు మిగుల్తదో నన్నెవరు అడగలే అంతకుముందు.
నిచ్చెన భుజాన ఏసుకొని పక్కింటికి పోయిన.
ఆ దినం ఇంకా పదకొండు ఇండ్లున్నయి.

భుజం మీది తువ్వాల తీసి మూతకు కట్టిన.
రెండు చుట్లు. ముడి.
పండుకున్న గని కన్ను మూతపడలే,
అప్పుడప్పుడు చెయ్యి చాపి ముడి తడిమి చూసిన.

ఆరింటికి అనసూయ లేచి నవ్వింది:
"దొంగలు పడ్తరనా, గిట్ల కట్టినవు?"
విప్పి లోపట చెయ్యి పెట్టిన.
సీసాలల్ల గడ్డ సగం అట్లనే ఉన్నది.
పాలు విరగలే.

పుస్తకం తీసి రాసిన:
నాలుగు గంటలు. ఇంకా ఉంటుండె.

పక్క గడిల ఆమె సర్వీసు నంబరు రాద్దామని
చానసేపు కలం పట్టుకొని కూసున్న.
యాదికి రాలే.